పది గంటల గాలి

బసవపున్నయ్య ఒకసారి తుమ్మితే ఎడారిలో రాకెట్టు నాలుగు వందల మీటర్లు పక్కకు పోయి పడింది. సరే, తుమ్ము సంగతి కాస్త పెంచి చెప్పిందే. నాలుగు వందల మీటర్లు మాత్రం పెంచినవి కావు.

ఆయన ఢిల్లీలో ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో లెక్కల మనిషి. ఒకసారి లాంచరు పట్టా వదిలి పైకి లేచాక ఎవరి మాటా వినని రాకెట్లు ఆయన పని. అలాంటి వాటికి చెప్పాల్సిందంతా ముందే చెప్పాలి. మంట తోపు, తరిగే బరువు, గాలి అడ్డు, భూమి లాగుడు అన్నీ సమీకరణాల్లో పెట్టి, సెకనును వంద ముక్కలు చేసి, ఏ ముక్కలో రాకెట్టు ఎక్కడుంటుందో కంప్యూటరు చేత కట్టించేవాడు. ఆ లెక్క మీద ఆయనకు దేవుడి మీద కూడా లేనంత నమ్మకం. లెక్క చెప్పిన కోణానికి లాంచరును తిప్పి బిగించేవాడు సదాశివరావు. ఇద్దరూ ఒకే ఏడాది ఉద్యోగంలో చేరారు. పాతికేళ్ళుగా ఒకరి డబ్బాలో ఆవకాయ ఒకరు తిన్నారు.

2001 మార్చిలో ఎడారిలో ఒక పరీక్ష. తెల్లవారుజామున బెలూను వదిలి గాలి కొలిచారు. బసవపున్నయ్య లెక్క కట్టి కోణం రాసిచ్చాడు. ఏదో తీగ మొరాయించడంతో ప్రయోగం పది గంటలకు జరిగింది. ఆలస్యమైతే మళ్ళీ బెలూను వదలాలి, మళ్ళీ లెక్క కట్టాలి. అది అక్కడి ఆనవాయితీ.

"పున్నయ్యా, చెవి పక్కన గాలి ఈలేస్తోంది. ఇంకోసారి చూడరాదూ?" అన్నాడు సదాశివరావు.

"గాలి సంగతి నీ చెవికేం తెలుసురా! మహా అయితే పది మీటర్లు. నీ బోల్టులు నువ్వు చూసుకో."

రెక్కలున్న రాకెట్టుకు ఒక వంకర బుద్ధి ఉంది. పట్టా వదిలిన తొలి క్షణాల్లో, ఇంకా వేగం అందుకోకముందే, గాలి ఎటు నుంచి కొడితే అటే ముక్కు తిప్పుతుంది. మంట దాన్ని అటే తోసుకుపోతుంది. పదిమందికి ఈ పాఠం చెప్పినవాడు బసవపున్నయ్యే.

రాకెట్టు ఎడమకు పోయి ఖాళీ కెమెరా గుడారం మీద పడింది. ఎవరికీ ఏమీ కాలేదు. విచారణ కమిటీ లెక్కను మళ్ళీ నడిపించింది. రిజిస్టరులో ఉన్నది తెల్లవారుజామున కొలిచిన గాలి ఒక్కటే. అదే గాలి, అదే జవాబు. సదాశివరావు గాలి మారిందన్నాడు. కమిటీ బసవపున్నయ్య వైపు చూసింది.

"గాలి మారినా పది మీటర్లే సార్," అన్నాడాయన.

తప్పు లాంచరు బిగించినవాడిదే అయింది. సదాశివరావును స్టోర్సుకు పంపారు. ప్రమోషను ఆగిపోయింది. ఆ వారమే బసవపున్నయ్య దగ్గరి వాతావరణ కేంద్రం కొలిచిన పది గంటల గాలి వివరాలు తెప్పించుకుని, తలుపు వేసుకుని లెక్క కట్టాడు. నాలుగు వందలు, ఎడమకు. కాగితం మడిచి బీరువాలో పెట్టాడు.

ఆరేళ్ళు గడిచాయి. ఇద్దరూ రిటైరయ్యారు. వసంత్ కుంజ్‌లో సదాశివరావు వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్తున్నాడని తెలిసి, బసవపున్నయ్య ద్వారక నుంచి బస్సెక్కాడు. కాగితం పట్టుకెళ్ళాడు.

సదాశివరావు కళ్ళద్దాలు పెట్టుకుని వరుస వరుసా వేలితో చదివాడు.

"ఎప్పుడు కట్టావు?"

"ఆ వారమే."

"అచ్ఛా." కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టాడు. "నా చెయ్యే జారిందేమో అనుకున్నాను రా. కలలో కూడా ఆ బోల్టే బిగించుకుంటున్నాను."

కాగితం తిరిగి ఇచ్చేశాడు. "నాకు చెప్పావు, ఠీక్ హై. జానకికి చెప్పు. గోడ మీద మేకు వంకరపోయినా 'మీరు బిగించిందేగా' అంటుంది. నేను చెబితే నమ్మదు."

అంతలో ఆయన భార్య జానకీదేవి కాఫీ తెచ్చింది. "ఆఫీసు వాళ్ళలో ఇంకా మా గడప తొక్కేది మీరొక్కరే అన్నయ్యగారూ. ఈయన చేసిన ఘనకార్యానికి ఇంకెవరొస్తారు! చక్కెర సరిపోయిందా?"

"సరిపోయిందమ్మా," అన్నాడు బసవపున్నయ్య.

సదాశివరావు మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

ఆ తర్వాత మరో మూడుసార్లు వెళ్ళాడు. ప్రతిసారీ బస్సులో మాటలు పేర్చుకునేవాడు. ప్రతిసారీ ఆ ఇంట్లో పొగమంచు గురించో, మోకాళ్ళ నొప్పుల గురించో మాట్లాడి లేచేవాడు. జనవరిలో సదాశివరావు పోయాడు.

పన్నెండో రోజు భోజనాలయ్యాక జానకీదేవి ఆయన్ను బాల్కనీలోకి పిలిచింది.

"పోయే ముందు ఆయనొక మాట చెప్పారు అన్నయ్యగారూ. గాలి మారిందట. మీరు మళ్ళీ చూడలేదట. తర్వాత తెలిసి కూడా దాచారట. ఇన్నేళ్ళూ ఆయన్ను దెప్పి పొడిచాను నేను. మిమ్మల్నొక్క మాట అనను. నిజమైతే చెప్పండి, ఫొటో ముందు కూర్చుని ఆయన్ను క్షమించమని అడుక్కుంటాను."

ఆమె కళ్ళలోకి చూడలేక బసవపున్నయ్య కింద ఆగి ఉన్న కార్లను చూశాడు. ముప్ఫై ఏళ్ళుగా సంపాదించుకున్న పేరు గుర్తొచ్చింది.

"అదంతా అబద్ధం చెల్లెమ్మా," అన్నాడు. "ఆ రోజు అసలు గాలే లేదు."