తోక గుమ్మం వైపు

కోదాడలో డిసెంబరు వచ్చిందంటే ఆండాలుకు బుట్టల పని తగ్గి క్రిస్మస్ చుక్కల పని మొదలవుతుంది. వెదురు బద్దలతో అయిదు మూలల చుక్క కట్టి, రంగు కాగితం అంటించి, లోపల బల్బుకు చోటు వదులుతుంది. బజారులో ప్లాస్టిక్ చుక్కలు కుప్పలు పోసి అమ్ముతున్నా ఆమెకు కోపమే తప్ప భయం లేదు. వాటికి తోక ఉండదు మరి. ఆండాలు చుక్కకు ఉంటుంది.

ఆ తోక పెట్టించింది వెనక వీధి దీనమ్మ భర్త ఏసురత్నం. జ్ఞానులకు దారి చూపిన చుక్క పసివాడున్న ఇంటి మీద ఆగిందని, అందుకే తోక గుమ్మం వైపు ఉండాలని ఆయన పట్టు. ఏటా మొదటి చుక్క వాళ్ళింటికే వెళ్ళేది. నిచ్చెనెక్కి ఆయనే కట్టుకునేవాడు.

ఈ ఏడు దసరాకు ముందు ఏసురత్నం పోయాడు. చావు జరిగిన ఇంట ఏడాది దాకా పండుగ చేయరన్నది ఆండాలు పుట్టినప్పటి నుంచీ చూస్తున్న ఆచారం. ఆ ఇంటికి చుక్క పట్టుకెళ్తే ఎంత పాపం! అందుకని ఇవ్వలేదు. ఒట్టి చేతులతో ఏ ముఖం పెట్టుకుని వెళ్ళాలో తెలియక, తానూ అటు తొంగిచూడలేదు.

ఒక సాయంత్రం దీనమ్మే వచ్చింది. మనిషి సగమైపోయింది.

"అందరికీ కడ్తున్నవ్. నేనేం చేసిన్నే నీకు?"

ఆండాలు చేతిలో బద్ద ఆగిపోయింది. "అట్లనకు అక్కా. ఏడాది తిరగలే గదా అని..."

"సోకుకు కట్టేదనుకున్నవా? చీకట్ల నడిసేటోళ్ళకు తోవ సూపెట్టేది గది. ఇన్నేండ్లు ఊరోళ్ళ కోసం కట్టినం. ఈ ఏడు చీకటి నా ఇంట్లనే ఉన్నది. నాకే గావాలె."

ఆండాలుకు ఏడుపు ఆగలేదు. మంచి చేస్తున్నాననుకుంటూ మనిషిని ఒంటరిని చేశానని అప్పుడు గానీ తెలియలేదు. తనను తాను తిట్టుకున్న తిట్లు మాత్రం ఇక్కడ రాయదగినవి కావు.

మర్నాడు పొద్దుగూకే వేళకు ఆండాలే నిచ్చెనెక్కింది. చూరుకు చుక్క కట్టింది.

"అటు గాదు, తోక జర గుమ్మం దిక్కు తిప్పు," అంది కింద నుంచి దీనమ్మ. అచ్చం ఏసురత్నం మాటే. స్విచ్చి వేయగానే ఎర్రటి వెలుగు గడప మీద పడింది.

"అయింది గదక్కా, ఇగ పోయొస్త," అంది ఆండాలు దిగి, చేతులు దులుపుకుంటూ.

దీనమ్మ తలుపు బార్లా తెరిచింది.

"యాడికి పోతవ్? లోపలికి రా, ఛాయ్ పెడ్త. ఆయన పోయినకాడి నుంచి ఒక్కదాన్నే తాగుతున్న."