నాలుక లేని గంట

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. నమ్మితే నా వృత్తి సాగదు. చీకటి గదిలో ఎర్రదీపం ముందు ఒంటరిగా కూర్చుని ఫోటోలు కడిగేవాణ్ణి. పోయినవాళ్లను గోడకు ఆనించి కూర్చోబెట్టి ఆఖరి ఫోటో తియ్యమని పిలిస్తే, దానికీ వెళ్లాను. వాళ్లలో ఒక్కరూ రెప్ప వెయ్యలేదు. కదిలి ఫోటో ప్లేటు పాడుచేసేది ఎప్పుడూ బతికున్నవాళ్లే.

అయినా గురజాల స్టేషను దగ్గర జరిగింది ఉన్నదున్నట్టు రాయాలి. నేను చెప్పుకుంటూ వచ్చిన కథలో ఒక అబద్ధం ఉంది. దానివల్ల మా మస్తాను ఇన్నేళ్లూ మాట పడ్డాడు.

అవి యుద్ధం రోజులు. నరసరావుపేటలో నాకు చిన్న స్టూడియో ఉంది. కానీ ఇల్లు గడిచేది మాత్రం ఊళ్లు తిరిగి తీసే పెళ్లి ఫోటోల మీదే. కెమెరా టేకుచెక్కది. దాని లెన్సు ఇంగ్లండు సీమ నుంచి వచ్చింది. యుద్ధం మొదలయ్యాక అలాంటివి రావడం మానేశాయి. అది పోయిందంటే స్టూడియోకు తాళం వేసుకోవడమే.

అందుకని ప్రయాణంలో దాన్ని కాపాడుకోవడానికి నేను పడని పాటు లేదు. ఒకసారి ఉల్లిపాయల గోతంలో దాచి తీసుకెళ్లాను. బస్సువాడు నిజంగా ఉల్లిపాయలే అనుకుని పైన బియ్యం బస్తా వెయ్యబోయాడు. ఇంకోసారి సైకిలు గొలుసుతో రైలుబల్లకు కట్టి తాళం వేశాను. తీరా మాచర్లలో దిగబోతే తాళంచెవి ఇంట్లో ఉంది. ఆ గొలుసు కోయించేదాకా గార్డు నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. రొంపిచెర్లలో నేను పెళ్లిభోజనం చేస్తుండగా కెమెరా స్టాండును ఎవరో ఎత్తుకుపోయారు. ఆ తరువాతే మస్తాను దగ్గరికి వెళ్లాను.

మస్తాను మా వీధి చివర మెకానిక్కు. అప్పట్లో బొగ్గు గ్యాసుతో నడిచే బస్సులకు ఇంజన్లూ బ్రేకులూ బాగుచేసేవాడు. నాకన్నా చిన్నవాడు, అన్నా అని పిలిచేవాడు. కెమెరాకు రేకు తొడిగిన పెట్టె చేసిపెట్టి, దాని పిడికి నా దగ్గరున్న ఒక గంట కట్టాడు. పెట్టెను ఎవరు కదిపినా గంట మోగాలి. అదీ అతని ఆలోచన.

ఆ గంట బెల్లంకొండ వైపు ఒక ముసలమ్మ ఇచ్చింది. ఆమె గొర్రెల మందకు ముందు నడిచే పొట్టేలు ముసలిదైపోతే, దానికి ఫోటో తీయించుకుంది. నేను ఫోటో తీసుకెళ్లి ఇచ్చేనాటికి పొట్టేలు లేదు. ఫోటో చూసి కాసేపు ఏడ్చింది, అందులో దాని మూతి చూసి నవ్వింది. తరువాత దాని మెడలోని గంట తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఇది మోగితే మంద యాడ ఉన్నా వస్తది అబ్బాయ్. పారెయ్యమాక."

ఇక ఆ రోజు సంగతి. పిడుగురాళ్ల దాకా బస్సులో వెళ్లి అక్కడ మాచర్ల బండి ఎక్కాను. బండి కుదుపుకు గంట ఒకటే మోత. ఎదురుబల్ల మీద తెల్లచొక్కా మనిషి ఒకడు కూర్చుని ఉన్నాడు. వాడు నా బల్ల కిందున్న పెట్టెకేసి వంగి చూశాడు.

"ఏంది బావా, గొర్రెకు టిక్కెట్టు కొన్నావా లేదా?"

రైలుపెట్టెలో అందరూ నవ్వారు. ఆ తరువాత గంట మోగినప్పుడల్లా వాడు గొర్రెలా అరవడం, జనం పొట్టలు పట్టుకోవడం. ఫోటోగ్రాఫరునని కోటు వేసుకుని కూర్చున్నానేమో, నాకు తల కొట్టేసినట్టయింది. గంట తిరగేసి నాలుకకున్న తీగ విప్పడం మొదలుపెట్టాను. మస్తాను ముడి ఎంత గట్టిదంటే, అది ఊడేసరికి నడికుడి దాటింది. నాలుకను కోటు జేబులో వేసుకున్నాను. వాడు నన్ను మెచ్చుకుని బీడీ కూడా ఇచ్చాడు.

గురజాలలో బండి ఆగింది. మంచినీళ్లకు దిగాను. పెట్టె సంగతి గుర్తుకొచ్చింది గానీ, గంట ఉందిగా అనుకున్నాను. దాని నాలుక నా జేబులోనే ఉందన్న సంగతి అప్పుడు నా బుర్రలో లేదు.

తిరిగి వచ్చేసరికి పెట్టె లేదు. తెల్లచొక్కా కూడా లేడు.

బండి దిగి పిచ్చివాడిలా అటూ ఇటూ పరుగెత్తాను. మిట్టమధ్యాహ్నం. స్టేషను వెనక జొన్న కోసిన చేలు. అందులో మేస్తున్న గొర్రెల మంద ఒక్కసారిగా తలలెత్తింది. అంతా కలిసి వాగు వైపు పరుగు తీసింది. కాపరి కర్ర పట్టుకుని వెనకాలే పరుగెత్తుతూ, ఎవడిదిరా ఆ గంట అని బూతులు తిడుతున్నాడు. నాకు ఏ గంటా వినపడలేదు. గంట అన్న మాట వినపడింది, అంతే. నేనూ పరుగెత్తాను.

వాగులో తెల్లచొక్కా మనిషి నిలబడి ఉన్నాడు. పెట్టె వాడి నెత్తిమీద ఉంది. చుట్టూ గొర్రెలు, అడుగు తియ్యడానికి సందు లేదు. నేను గ్రూపు ఫోటోకు నిలబెట్టినట్టు అన్నీ పెట్టెకేసి చూస్తూ కదలకుండా ఉన్నాయి. నా వృత్తిలో అంత బుద్ధిగా నిలబడ్డ గ్రూపును మళ్లీ చూడలేదు.

"ఈ గంట ఆపయ్యా, నీ కాళ్లు మొక్కుతా," అన్నాడు వాడు. ముఖాన చెమటలు కారుతున్నాయి. "చెవులు పగిలిపోతన్నయ్."

పెట్టె అందుకున్నాను. గొర్రెలు మెల్లగా విడిపోయి ఎక్కడివక్కడ మేతకు తలలు దించాయి. వాడు వాగు గట్టెక్కి పారిపోయాడు. పట్టుకోవాలని ఎవరికీ తోచలేదు.

తన గొర్రెలు పరాయి గంటకు తల కూడా ఎత్తవని కాపరి ఒట్టు పెట్టుకున్నాడు. గంట ఏ ఊరిదో చూద్దామని చేత్తో తిప్పాడు. లోపలికి వేలు పెట్టి తడిమాడు.

"దీనికి నాలుకేదయ్యా?"

అప్పటికి నా వెనక స్టేషను జనం కూడా చేరారు. జేబులో నాలుక బరువు తెలుస్తూనే ఉంది. దొంగ మాట విని దాన్ని నేనే పీకానని ఎలా చెప్పను? ఊడిపోయినట్టుంది, మా ఊరి మస్తాను సరిగ్గా కట్టలేదు అన్నాను.

ఆ మాట నాకన్నా ముందు నరసరావుపేట చేరింది. గంట నాలుక కట్టలేనివాడు బస్సుకు బ్రేకేం కడతాడని జనం నవ్వుకున్నారు. బస్సు యజమాని పని ఇంకొకరికి ఇచ్చాడు. నేను మాత్రం గొర్రెల జాడ పట్టి దొంగను ఎలా నిలేశానో కాఫీ హోటల్లో పదేపదే చెప్పుకున్నాను. మస్తాను నాతో పోట్లాడలేదు. గంటను ఒకసారి తిప్పి చూసి, "గట్టిగానే కట్టానన్నా," అన్నాడు, అంతే.

యుద్ధం అయిపోయింది, స్వరాజ్యం వచ్చింది, ఆ పరిహాసం మాత్రం పోలేదు. ఈమధ్య హోటల్లో కొత్తగా చేరిన సర్వరు, కథ పూర్తిగా తెలియకుండానే, మస్తానుకు కాఫీ ఇస్తూ నాలుక జాగ్రత్త అన్నాడు. మస్తాను కూడా అందరితోపాటు నవ్వాడు. ఆ నవ్వు చూసి కాఫీ అక్కడే వదిలేసి లేచాను. ఇంటికి పోయి నాలుక తెచ్చాను. అందరి ముందూ బల్లమీద పెట్టి, జరిగింది చెప్పాను.

మస్తాను దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు.

"నా తీగే. విప్పితే తప్ప ఊడదు. నాకు ఆ రోజే తెలుసన్నా."

మరి ఎందుకు అడగలేదన్నాను.

"నువ్వే చెబుతావని చూశా. ఫోటో తీసేటప్పుడు కాసేపు కదలబాకండి అంటావే, ఆ కాసేపు ఇంతసేపని తెలీదు."

ఈసారి నవ్వు నామీద పడింది. పడాల్సిందే. బస్సు మళ్లీ అతని కొట్టు ముందు ఆగుతోంది. నాలుకను తిరిగి కట్టమని అడిగితే మస్తాను ఒప్పుకోలేదు. సాక్ష్యం తన దగ్గరే ఉండాలని కొట్లో మేకుకు తగిలించుకున్నాడు. వచ్చినవాళ్లకు చూపించి కథంతా తనే చెబుతున్నాడు. నాకన్నా బాగా చెబుతాడు.

గొర్రెల సంగతి ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. ఒకటి పరుగెత్తితే అన్నీ పరుగెత్తుతాయి, నిజమే. మొదటిది ఎందుకు పరుగెత్తింది? దొంగ భయంతో లేని మోత విన్నాడనుకుందాం. వాణ్ణి చూడకముందే పొలంలో ఉన్న కాపరి ఏం విన్నాడు?

ఇప్పటికీ ఆ పెట్టెతోనే ఊళ్లు తిరుగుతున్నాను. నాలుక లేని గంట పిడికి వట్టిగా వేలాడుతూ ఉంటుంది. మొన్న మాచర్ల బండిలో నడికుడి దాటాక, ఒళ్లో పసిపిల్లతో ఎదురుగా కూర్చున్న ఒకామె నావైపు విసుగ్గా చూసింది.

"కాస్త ఆ గంట పట్టుకో బాబాయ్. పిల్ల ఇప్పుడే పడుకుంది."

గంటను పిడికిట్లో పట్టుకున్నాను. ఆమె, ఇప్పుడు బాగుంది అన్నట్టు తలూపి, కళ్లు మూసుకుంది. మాచర్ల వచ్చేదాకా నేను చెయ్యి తియ్యలేదు.