రేపల్లె రైల్లో కలిసిన వరస

తెనాలిలో రేపల్లె పాసింజరు ఎక్కాను. మాది ఆదిలాబాదు, ఆ వైపు వెళ్లడం అదే మొదటిసారి. ఎదురు సీట్లో పట్టుచీర కట్టి, ముఖం నిండా రంగు పూసుకున్న మనిషి బొంగురు గొంతుతో, "కొప్పు బావుందామ్మా?" అని అడిగారు. కొత్తవాళ్ల ముందు నాకు గొంతు పెగలదు. "బావుంది ఆంటీ" అన్నాను మెల్లగా.

"ఆంటీ ఏంటి, బాబాయిని! రేపల్లెలో నాటకం. నాది రాణి వేషం. తెర పడగానే లుంగీ కట్టేస్తా."

"కదలకు బాబాయ్" అంది, ఆయన కొప్పుకి పిన్నులు పెడుతున్న పొడుగాటి ఆవిడ. ఆమె గొంతూ బొంగురే.

"మరి మీది ఏ వేషమండి?" అనేశాను.

పిన్ను పెడుతున్న చెయ్యి ఆగిపోయింది. "నాది వేషం కాదు. చిన్నప్పుడు మా నాన్న తొడిగిన నిక్కరూ చొక్కా, అదే వేషం. నేను ఆడదాన్నే."

సిగ్గుతో తల దించుకున్నాను. బాబాయి ఊరుకోలేదు. "మా మేనల్లుడు ఇంకో రకం. నాటకం లేదు, ఏం లేదు, ఇంట్లో నైటీ వేసుకు తిరుగుతాడు. ఆడదానివా అంటే కొట్టడానికొస్తాడు. గాలాడుతుందంట, అంతే!"

ముందుగా నవ్వింది ఆవిడే.

"తప్పుగా అడిగానండి" అన్నాను.

"అండీ గిండీ వద్దు. వరస పెట్టి పిలువు."

"అక్కా."

"వినపడలా."

"అక్కా!" బోగీ అంతా తిరిగి చూసింది. నాకు అంత గొంతు ఉందని నాకే తెలియదు.

"చెప్పు చెల్లీ" అంది, ముఖం వెలిగిపోతూ.

చెప్పడానికి ఏమీ లేదు. "ఊరికేనే అక్కా!" అన్నాను, ఇంకా గట్టిగా.