కండక్టరమ్మ కాపీ కొట్టలేదు

కండక్టరమ్మకు నలభై మూడేళ్లు. పదో తరగతితో ఆగిపోయిన చదువును ఉద్యోగస్థుల సాయంకాలపు కాలేజీలో మళ్లీ అందుకుంది. బస్సు ఆఖరి స్టాపులో నిలిచిన పది నిమిషాలూ వెనక సీట్లో కూర్చుని లెక్కలు చేసుకునేది. ఈ వయసులో మనకీ ఎక్స్‌లూ వైలూ ఎందుకే అని భర్త నవ్వితే, నీకెందుకో నాకు తెలీదు, నాకు మాత్రం కావాలి అనేసింది.

అవకలనం, అదే డిఫరెన్షియేషన్ పాఠంలో ఘాత సూత్రం ఆమెకు ఇట్టే పట్టుబడింది. పైనున్న ఘాతం ముందుకు దిగి గుణిస్తుంది, పైన ఒకటి తగ్గుతుంది. ఎక్స్ ఘనానికి మూడు ఎక్స్ వర్గం, అంతే. పరీక్షలో పది లెక్కలకూ నేరుగా జవాబులు రాసిచ్చింది. మధ్యలో ఒక్క మెట్టయినా లేకుండా జవాబులెలా వస్తాయని లెక్కల మాస్టారి అనుమానం. ఎర్ర సిరాతో 'కాపీ' అని రాసి సున్నా చుట్టాడు.

ఆమె ఆ పేపరు పట్టుకుని యూనిఫాంలోనే తిన్నగా ప్రిన్సిపాల్ గదికి నడిచింది. పోనీలేమ్మా, వచ్చేసారి చూసుకోమని ఆయన సర్దిచెప్పబోయాడు.

"వచ్చేసారి సంగతి వచ్చేసారి సార్. ఇప్పుడు బోర్డు మీద చేస్తాను, ఆయన్ని పిలిపించండి."

మాస్టారు మొహం గంటు పెట్టుకుని వచ్చాడు. ఎక్స్ పవర్ ఐదు ఇచ్చాడు. ఐదు ఎక్స్ పవర్ నాలుగు అని రాసింది. ఒకటి బై ఎక్స్ వర్గం ఇచ్చాడు. దాన్ని ఎక్స్ పవర్ మైనస్ రెండుగా మార్చుకుని, మైనస్ రెండు ఎక్స్ పవర్ మైనస్ మూడు అని తేల్చింది. ఒట్టి ఏడు రాస్తే సున్నా పెట్టి, మారనిదానికి మార్పెక్కడిది సార్ అంది. ప్రిన్సిపాల్ నవ్వు ఆపుకున్నాడు.

మాస్టారికి పంతం వచ్చింది. రెండు పవర్ ఎక్స్ అని రాసి చేతులు కట్టుకు నిలబడ్డాడు. ఆమె దానివంక చాలాసేపు చూసింది. సుద్దముక్క బల్ల మీద పెట్టేసింది.

"రాదా?" అన్నాడాయన.

"ఈ సూత్రం ఇక్కడ చెల్లదు సార్. కింద ఎక్స్, పైన అంకె ఉంటేనే అది. ఇక్కడ తలకిందులైంది. దీనికి వేరే దారుండాలి, మీరింకా చెప్పలేదు. కాపీ కొట్టేదాన్నే అయితే ఆ ఎక్స్‌ని కూడా ముందుకు లాగేసేదాన్ని."

మాస్టారు పేపరు తీసుకుని సున్నా కొట్టేసి ఇరవైకి ఇరవై వేశాడు. ఆమె కదల్లేదు. 'కాపీ' అన్న మాట కూడా కొట్టేసి పక్కన సంతకం పెట్టమంది. మార్కులిచ్చాక ఇంకేమిటని ఆయన విసుక్కున్నాడు.

"మార్కులు పేపరుకి. ఆ మాట నాకు."

పెట్టాడు. ఆ సంగతి క్లాసులో చెప్పమంటే మాత్రం ఆయనకు నోరు రాలేదు. మర్నాడు ఆమే లేచి, పేపరు అందరికీ చూపించి, జరిగింది చెప్పి, మొదటి బెంచీలో కూర్చుంది.