జాకెట్ నీళ్ళ లెక్క

తొంభైల మధ్యలో దేశ రాజధానిలో ఎం.టెక్. చదువుతూ లక్ష్మీ నగర్‌లో ఒక అద్దె గదిలో ఉండేవాణ్ణి. ప్రాజెక్టు మాత్రం ఫరీదాబాద్‌లో, జనరేటర్లు తయారుచేసే ఒక కంపెనీలో. అక్కడి టెస్టింగ్ విభాగానికి పెద్దగా ఉన్నది తెనాలి వైపు ఆయన. నా యాస వినగానే దగ్గరకు తీశారు. ప్రెజెంటేషన్ బాగా చేస్తే ఉద్యోగం ఇప్పిస్తానని మాటిచ్చి, మేనేజర్లందరినీ తనే కూర్చోబెట్టారు.

"అయ్యాక మా ఇంటికి వచ్చెయ్ అబ్బాయ్. మీ ఆంటీకి చెప్పాను, భోజనం అక్కడే."

డీజిల్ ఇంజిన్‌లో ఇంధనం ఇచ్చిన శక్తి ఎటు పోతుందో తేల్చడం నా పని. నాలుగు వాటాలు వేశాను: షాఫ్టు మీద వచ్చే పని, పొగతో పోయే వేడి, ఇంజిన్ చుట్టూ ఉన్న జాకెట్‌లో తిరిగే నీళ్ళు పట్టుకుపోయే వేడి, మిగతా నష్టాలు. నీళ్ళ వాటా దాదాపు షాఫ్టు వాటా అంత వచ్చింది. పొంగిపోయాను. ఆ వేడితో చిన్న టర్బైన్ తిప్పితే కరెంటు ఇంచుమించు రెట్టింపవుతుందని చివర్లో గర్వంగా ప్రకటించాను.

ఒక పంజాబీ మేనేజరు చెయ్యెత్తాడు. "నీళ్ళు ఎంత వేడి, బేటా?"

"ఎనభై డిగ్రీలు సార్."

"బయట?"

"నలభై." మే నెల అది.

"తో?" అయితే ఏమిటన్నట్టు చూసి సుద్దముక్క అందించాడు.

అప్పుడు వెలిగింది. వేడి ఎంత ఉన్నా, అందులో పనిగా మారగలిగేది కొంతే. దాన్నే ఎక్సర్జీ అంటారు. బయటి గాలికన్నా కాస్త మాత్రమే వేడిగా ఉన్న నీళ్ళలో అది బహు తక్కువ. బి.టెక్.లో చదివిన సూత్రమే. బోర్డు మీద వేస్తే, ఏ లోపమూ లేని యంత్రం పెట్టినా ఆ వేడిలో ఎనిమిదో వంతు కూడా పనిగా రాదని తేలింది.

"వాహ్! గీజర్ నీళ్ళతో ఫ్యాక్టరీ నడిపిస్తాడట మీ కుర్రాడు," అన్నాడు మేనేజరు, మా పెద్దాయన వైపు తిరిగి. అందరూ నవ్వారు.

పెద్దాయన నవ్వలేదు. "ముందు ఎనర్జీ లెక్క ఒక్కటే చెయ్యమని నేనే చెప్పాను. ఎక్సర్జీ తర్వాత చూద్దామన్నాను," అన్నారు.

"లేదు సార్, మీరలా చెప్పలేదు. నాకే తట్టలేదు," అన్నాను నేను.

తప్పు నా మీద వేసుకుంటున్నాననే అనుకున్నాను. నవ్వులు ఆగిపోయాయి. ఆయన కళ్ళజోడు తీసి, తుడవాల్సిన అవసరం లేకపోయినా తుడుచుకున్నారు. నన్ను కాపాడటానికి ఆడిన అబద్ధాన్ని అందరి ముందూ విప్పి చూపించానని అప్పుడు గాని అర్థం కాలేదు. ఉద్యోగం మాట ఎవరూ ఎత్తలేదు.

అయినా ఆయన నన్ను ఇంటికి తీసుకెళ్ళారు. ఆంటీ చారు వడ్డిస్తూ, "నెల రోజుల్నించీ నీ గొడవే బాబూ ఈయనకి. ఖాయమైనట్టేనా మరి?" అంది.

"వాణ్ణి తిననీవే," అన్నారాయన, తలెత్తకుండా.

నేను అన్నం కెలుకుతూ కూర్చున్నాను. "అయ్యో, చారు చల్లారిపోయిందే," అంటూ ఆంటీ గిన్నె మళ్ళీ స్టవ్ మీద పెట్టింది.