ఎవరి గోడ వారు పూయరాదు

కండక్టరు గారు జీవితమంతా జనం మధ్య నిలబడి బతికిన మనిషి. బస్సులో అందరూ కూర్చుంటే ఆయన నిలబడేవారు, అందరూ దిగిపోతే ఆయన ఉండిపోయేవారు. చివరికి ఉద్యోగం ఆయన్నే దింపేసి వెళ్ళిపోయాక, ఇంట్లో నిశ్శబ్దానికి చెవులు హోరెత్తిపోయాయి. ఎవరూ కాలు తొక్కరు. ఎవరూ తిట్టరు. భార్య తిట్టేది గానీ, "బస్సెడు జనం తిట్టే తిట్లు ఒక్కదాన్ని ఎక్కడ తిట్టగలనండీ" అని ఆవిడే చేతులెత్తేసింది.

సరిగ్గా ఆ రోజుల్లో ఆయనకు ఒక ఆర్కిటెక్టు దొరికాడు. గడ్డం, నార సంచీ ఉండేవి, చెప్పులుండేవి కావు. ప్రకృతికి దగ్గరగా నడవాలట. ఊరి చివర కొద్ది కుటుంబాల కోసం మట్టి ఇళ్ళు కట్టిస్తున్నాడు. అర్ధచంద్రాకారంలో ఇళ్ళు, నడుమ అందరికీ కలిపి ఒకటే వంటిల్లు, కప్పుల మీద కూరగాయలు, స్నానాల నీళ్ళు మొక్కలకు. గోడల్లో అక్కడక్కడా ఖాళీ గాజుసీసాలు పొదిగితే ఎండ పచ్చగానూ నీలంగానూ గదిలోకి వచ్చి పడుతుందన్నాడు.

"సిమెంటిల్లు సమాధి అండీ. మట్టిల్లు ఊపిరి పీలుస్తుంది" అన్నాడు.

"పీలిస్తే పీల్చనీ బాబూ. తుమ్మదు కదా?" అంది కండక్టరు భార్య.

ఆర్కిటెక్టు హాయిగా నవ్వాడు. ఆ నవ్వులో జవాబు లేదన్న సంగతి ఆవిడ ఒక్కతే గమనించింది.

మట్టి అందరూ కలిసి తొక్కారు. గోడలు లేచాయి. అప్పుడు తెలిసిందేమిటంటే, మట్టిగోడ చంటిపిల్ల లాంటిది, ఏటా వానలకు ముందు గడ్డి తునకలు కలిపిన మట్టితో కొత్త పూత పూయకపోతే కరిగి కూర్చుంటుంది. ఈ పని ఎవరు చెయ్యాలన్న మహత్తర సమస్య మీద వంటింట్లో సభ జరిగింది. ఎవరిది వాళ్ళు చూసుకుంటే సరి అని అందరూ అనబోతుండగా కండక్టరు గారు లేచారు. రాజ్యాంగాలు ఇలాంటి వంటిళ్ళలోనే పుడతాయి కాబోలు.

"కండక్టరు తన టికెట్టు తాను కొట్టుకోడు. అలాగే ఎవరి గోడ వాళ్ళు పూసుకోకూడదు. పక్కింటివాళ్ళే పూయాలి. నా ఇల్లు నిలబడాలంటే నేను నీతో మంచిగా ఉండాలి, నీ ఇల్లు నిలబడాలంటే నువ్వు నాతో మంచిగా ఉండాలి. లేకపోతే కలిసి ఉండటం ఎందుకు, అపార్టుమెంటు చాలదూ?"

చప్పట్లు మోగాయి. ఆస్పత్రిలో పనిచేసే పక్కింటి నర్సమ్మ కళ్ళు తుడుచుకుంది.

ఇంటికొచ్చాక భార్య అంది: "మాట బాగుంది. మరి పోట్లాడుకుంటే?"

"ఎందుకు పోట్లాడతాం?"

"ఇన్నాళ్ళూ మీరు పనిచేసింది బస్సులోనేనా, ఇంకెక్కడైనానా?"

ఉమ్మడి గుర్రం పుచ్చి చచ్చిందని సామెత. ఇక్కడ గుర్రం బదులు పెద్ద గిన్నె. వంటింట్లో దాన్ని ఎవరు తోమాలన్నది మొదటి కలహం. తర్వాత చెదలొచ్చాయి. తర్వాత కప్పు మీది టొమాటో మొక్కలతో పాటు కప్పు కూడా దిగబడటం మొదలైంది. ఒక్కో కుటుంబమే సామాను సర్దుకుంది. "తాళం మీ దగ్గరుంచండి మావగారూ, మళ్ళీ వస్తాం" అని ప్రతివాళ్ళూ అన్నారు. కండక్టరు గారు నమ్మారు. వచ్చే స్టాపులో ఎవరో ఒకరు ఎక్కుతారన్నది ఆయన మతం. ఖాళీ ఇళ్ళకు కూడా ఏటా శ్రద్ధగా పూత పూశారు. ఎంతైనా ఆయన పక్కింటివాడు.

ఆయన గోడ మాత్రం నర్సమ్మ పూసేది. ఆస్పత్రి నుంచి వచ్చి, చీర కుచ్చెళ్ళు దోపుకుని, గాయానికి కట్టు కట్టినంత జాగ్రత్తగా పూసేది. ఆమెకూ బదిలీ వచ్చింది.

"నీ గోడ పూసే వెళ్దామనుకున్నా బాబాయ్. వెంటనే చేరమన్నారు."

"ఫర్వాలేదమ్మా. ఎవరో ఒకరు వస్తారుగా."

"ఎవరొస్తారు?" అంది నర్సమ్మ.

అక్కడితో మిగిలింది మొగుడూపెళ్ళాలిద్దరే. పడమటి గోడ పొలుసులు రాల్చడం మొదలెట్టింది. పొదిగిన సీసాల మెడలు బయటపడ్డాయి. చెమ్మ గదిలోకి, అక్కణ్ణించి భార్య ఛాతీలోకి దిగింది. రోజంతా దగ్గు.

"చూడండి, ఇల్లు తుమ్మదు కదా అని ఆనాడే అడిగాను. దాని బదులు నేను తుమ్ముతున్నాను. ఈ వానకి ఈ గోడ నిలిస్తే మీతోనే ఉంటా. కూలితే మా చెల్లెలింటికి పోతా. ఇంక నా వల్ల కాదు."

ఆయన భయపడ్డారు. భయపడి, వెంటనే వెళ్ళి ఖాళీ ఇళ్ళన్నిటికీ పూత పూశారు.

"ఊరందరికీ గొడుగులు పట్టి నన్ను తడిపేస్తున్నారు కదండీ!"

"నియమం నేనే పెట్టాను. నేనే తప్పితే ఎలా?"

"తప్పితే ఎవరు చూస్తారు? ఉన్నదెవరు?"

"అందుకే తప్పకూడదు. ఉన్నది నేనొక్కణ్ణే."

ఆవిడ కాసేపు ఆయన్ని తేరిపార చూసింది. తర్వాత ట్రంకు పెట్టె, చాప, మందుసీసా తీసుకుని నర్సమ్మ ఇంటి తాళం తీసి లోపలికెళ్ళింది. కొంగు బిగించుకుని గుమ్మంలోకొచ్చింది.

"ఏమండోయ్ పక్కింటాయనా! కొత్తగా దిగాను. మీ గోడ పూయనా?"

ఆయన ముఖం వికసించింది. చట్టసభలో సవరణ నెగ్గినంత సంబరపడ్డారు. పరుగున వెళ్ళి మట్టి తొక్కి, గంప అందించారు. చెయ్యి మాత్రం వేయలేదు. ఆవిడ రెండు పిడికిళ్ళు మెత్తడం, దగ్గడం, గోడకు ఆనుకుని ఊపిరి పీల్చుకోవడం, మళ్ళీ మెత్తడం. ఊపిరి పీల్చే ఇల్లంటే ఇదే కాబోలు. పూత ఆవిడ నడుం ఎత్తుకు వచ్చేసరికి ఆకాశం నల్లబడింది.

"పైన మీరు వెయ్యండి. నా చెయ్యి లేవట్లేదు."

ఆయన గంప పట్టుకుని నిలబడ్డారు. ఆవిడ అడిగింది ఒక్కసారే.

వాన పడమటి నుంచి కొట్టింది. పూయని పైభాగం నాని, పూసిన కింది భాగం మీద కూలింది. రెండూ కలిసి లోపలికి పడ్డాయి. మంచం మీద మట్టి, మట్టిలో పచ్చసీసాలు. ఇద్దరూ నర్సమ్మ ఇంటి చూరు కింద నిలబడి చూశారు. ఆ ఇంట్లో చుక్క నీరు దిగలేదు. పూత అంత బాగా పూశారాయన.

"పోయిందేదో పోయింది. లోపలికి రండి. ఇద్దరం ఇక్కడే ఉందాం" అంది ఆవిడ. తను పెట్టిన షరతును తానే మింగేసింది.

ఆయన గుమ్మం దాటలేదు. "ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటే ఈ గోడ ఎవరు పూస్తారే? నువ్విక్కడుండు. నేను ఆ పక్కదాంట్లో ఉంటా. అప్పుడు నీది నేను, నాది నువ్వు..."

"ఈ వయసులో నాకు మొగుడు కావాలి గానీ పక్కింటాయన ఎందుకండీ?"

తెల్లారాక ట్రంకు పెట్టె ఆటోలోకెక్కింది, వెనకే ఆవిడ.

ఏడాది తిరిగింది. ఆర్కిటెక్టు ఒక బస్సు నిండా విద్యార్థుల్ని తీసుకొచ్చాడు. ఇప్పుడు చెప్పులేసుకుంటున్నాడు. కండక్టరు గారు నిచ్చెన మీద ఉన్నారు. ఇళ్ళన్నీ, మళ్ళీ లేపిన ఆయన పాత ఇంటి గోడతో సహా, కొత్త పూతతో నున్నగా మెరుస్తున్నాయి. విద్యార్థులు ఫొటోలు తీసుకున్నారు.

"చూశారా, సమష్టి జీవనమంటే ఇదీ!" అన్నాడు ఆర్కిటెక్టు. అని, నర్సమ్మ ఇంటి ముందు ఆగాడు. గోడ పొలుసులు రాలుతోంది, చూరు కింద పగులు. "ఇదొక్కటీ వదిలేశారేమండీ?"

"అందులో నేనుంటున్నానండీ."

ఒక విద్యార్థిని ముందుకొచ్చింది. "మట్టి తడిగానే ఉంది కదా తాతగారూ, నేను పూయనా?"

ఆయన నిచ్చెన దిగారు. ఆశగా అడిగారు: "పక్కింట్లో ఉంటావా అమ్మా?"

పెద్దాయన హాస్యమాడాడనుకుని అందరూ నవ్వారు. పడమట ఉరిమింది. బస్సు హారన్ కొట్టింది. విద్యార్థులు తలుపు దగ్గర గుమిగూడి తోసుకుంటుంటే, ఆయన నోరు ఊరుకోలేదు. "ముందుకు జరగండమ్మా, ముందుకు జరగండి, లోపల ఖాళీ ఉంది."

అందరూ ఎక్కారు. ఆయన మట్టిచేత్తో బస్సును రెండుసార్లు చరిచి, "రైట్" అన్నారు.