శుక్రవారం ఫోన్

నిన్న పొద్దున ఇక్కడ గల్ఫ్‌లో, అల్ రయ్యాన్‌లోని విల్లా ముందు కారు తుడుస్తున్నాను. హాస్పిటల్ నుంచి మేడం ఫోన్ చేశారు.

సార్ ఇక లేరన్నారు.

తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడిచాను.

ఇంకా నమ్మబుద్ధి కావట్లేదు.

మీలో చాలామందికి రోలండ్ సార్ తెలియదు. నేను డ్రైవర్‌గా పనిచేసే ఇంటి పెద్దాయన. మేడం వాళ్ల నాన్న. బ్రిటన్‌లో ఒకప్పుడు ఎంపీ. ఎంపీ అంటే మనం ముందు నాలుగు కార్లు, వెనక నాలుగు కార్లు ఊహించుకుంటాం. ఈయన నా పక్క సీట్లో కూర్చుని, నా చాయ్ కప్పు కూడా తనే పట్టుకునేవారు.

వాళ్లది తాతల నాటి నుంచి బీరు తయారుచేసే ఇల్లు. సొంత ఫ్యాక్టరీ.

మాది కోరుట్ల దగ్గర కల్లు గీసే ఇల్లు.

ఈ సంగతి తెలిసిన రోజు సార్ నవ్వు ఆపుకోలేకపోయారు. "సేమ్ బిజినెస్, మై ఫ్రెండ్" అని భుజం తట్టారు. తాటిచెట్టు ఎలా ఎక్కుతారో చూపించమని ఒకటే పోరు. చివరికి పార్కింగ్‌లో లైటు స్తంభం ఎక్కబోయి ప్యాంటు చింపుకున్నాను. వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి తిడితే, సార్ ఆయనకు చేతులు జోడించారు.

అలాంటి ఇంట్లో పుట్టిన మనిషి పార్లమెంటులో తాగుడు మీద చట్టం తేవాలని లేచారు. చవక మందు ఉండకూడదు, బీరు మీద పన్ను పెంచాలి, ఆ డబ్బుతో తాగుడు మాన్పించే ఆస్పత్రులు కట్టాలి అని. ఫ్యాక్టరీ పనివాళ్ల ఇళ్లలో ఆడవాళ్ల ఏడుపు చిన్నప్పటి నుంచీ విన్నారట.

చట్టం పాస్ కాలేదు. తర్వాతి ఎలక్షన్లో సొంత ఊరే ఓడించింది. ఫ్యాక్టరీ నడిపే తమ్ముడు పీటర్ మాట్లాడటం మానేశాడు.

ప్రతి శుక్రవారం అబూ హమూర్‌లో కొట్టు దగ్గర కారు ఆపించి చాయ్ తాగి, సార్ తమ్ముడికి ఫోన్ కొట్టేవారు. రింగవుతుంది. ఎత్తడు.

నాకు ఒళ్లు మండేది. వదిలేయండి సార్ అనేవాణ్ని. రింగ్ వినబడితే చాలు, నేను బతికే ఉన్నానని వాడికి తెలుస్తుంది అనేవారు.

నిన్న శుక్రవారం.

మధ్యాహ్నం హాస్పిటల్ బయట కార్లో కూర్చున్నాను. ఇంటివాళ్లను తప్ప లోపలికి రానివ్వలేదు. సీటు కింద ఫోన్ మోగింది. సార్‌ది. మొన్న ఆయన్ని హాస్పిటల్‌కి తెచ్చినప్పుడు జారిపడినట్టుంది.

స్క్రీన్ మీద పీటర్ పేరు.

ఎత్తాను. ఈ వారం కాల్ రాలేదేమని అడిగాడు.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. మనవాడు ఎవరైనా పోతే ఇంటికి ఒకేసారి చెప్పం. ముందు సీరియస్‌గా ఉందంటాం. వాళ్లు గుండె దిటవు చేసుకున్నాక అసలు కబురు. లేబర్ క్యాంప్‌లో ఉన్నప్పుడు ఎన్ని ఇళ్లకు అలా ఫోన్ చేశానో. నోటికి అదే వచ్చింది.

"సార్ సీరియస్. హాస్పిటల్."

ఫోన్ మా అన్న చెవి దగ్గర పెట్టు ప్లీజ్ అన్నాడు.

ఏం చేయను చెప్పండి. నిజం చెబుదామని నోరు తెరిచాను. "వన్ మినిట్ సార్" అనే వచ్చింది.

స్పీకర్ ఆన్ చేసి పక్క సీట్లో పెట్టాను. సార్ కూర్చునే సీట్లో.

పీటర్ మాట్లాడాడు. ఆ ఇంగ్లిష్ నాకు సగం అర్థం కాలేదు. "రోలీ" అని పిలిచాడు. నువ్వన్నదే నిజం అన్నాడు, అది అర్థమైంది. తర్వాత అంత పెద్ద మనిషి వెక్కి వెక్కి ఏడ్చాడు.

అన్న విన్నాడా అని అడిగాడు.

"యెస్ సార్" అన్నాను.

సాయంత్రం మేడం పీటర్‌కు అసలు సంగతి చెప్పారు. సార్ పొద్దున్నే పోయారని కూడా. నేను మాట్లాడిన సంగతి ఆయన ఆవిడకు చెప్పినట్టు లేదు. చెప్పే ధైర్యం నాకు లేదు.

రాస్ లఫాన్‌లో పనిచేసే మా గంగన్నకు ఫోన్ చేసి ఏడ్చాను. "నువ్వు మాత్రం ఏం జేస్తవ్ తమ్మీ, మనం గట్లనే అంటం గద" అన్నాడు.

ఇవాళ పీటర్ వస్తున్నాడు. ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లే డ్యూటీ నాదే. నా గొంతు గుర్తుపడతాడు. ఏ ముఖం పెట్టుకుని ఎదురుగా నిలబడాలో తెలియట్లేదు.

ఎయిర్‌పోర్ట్ పార్కింగ్‌లో కూర్చుని ఇది రాస్తున్నాను. ఫ్లైట్ దిగిందట.

సార్, ఆ మాటలు మీకు వినబడి ఉంటే ఎంత బాగుండేది.

వెళ్లి రండి. మీ తమ్ముడు ఫోన్ చేశాడు. ఇక నిమ్మళంగా పడుకోండి.